దుమ్ము వకీలు

మొన్న తాండూరు బస్టాండు పక్కన ఒక హోటల్లో చాయ్ తాగబోతుంటే, ఎదురు బల్ల దగ్గర ఒక ముసలాయన తన కప్పు మీద సాసర్ బోర్లించి, దాని మీద అరచేయి పెట్టి కూర్చున్నాడు. చాయ్ చల్లారుతున్నా ఆయనకు పట్టింపు లేదు. బయట లారీ పోయి, లేచిన దుమ్ము అణిగాకే సాసర్ తీశాడు. నేను నా చాయ్ సంగతి మరిచిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. అలా చాయ్‌కి కాపలా కాసే మనిషిని అంతకుముందు ఒక్కణ్నే చూశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

పేరు రాయను. రాసినా ఈ ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. తాండూరులోనూ వికారాబాదులోనూ అందరూ ఆయన్ని దుమ్ము వకీలు అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేనే. నేను చేసిన తప్పుల్లో అది చిన్నది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

పొట్టి మనిషి. నల్లకోటు ఎన్నడో బూడిదరంగుకు దిగింది. ఉతికితే నలుపు వస్తుందని మేమంటే, ఉతికితే సాక్ష్యం పోతుందని ఆయన అనేవాడు. చదువంతా ఉర్దూలో సాగినవాడు. కోర్టుకు పోయేముందు వాదన మొత్తం ఉర్దూలో గొణుక్కుని, తెలుగులో నవ్వుకుని, లోపలికి పోయి ఇంగ్లీషులో చెప్పేవాడు. మా బార్‌లో మిగతావాళ్ల దగ్గరికి గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు వచ్చేవి. ఆయన దగ్గరికి క్వారీల దుమ్ము, బండల పాలిష్ మిషన్ల తెల్లబురద, చెలకల మీదుగా గుంజిన కరెంటు తీగలు వచ్చేవి. మాకు కక్షిదారులు ఉండేవాళ్లు, ఆయనకు గాలీ నీళ్లూ ఉండేవి. ఆ గాలీ నీళ్లూ ఫీజెట్లా ఇస్తాయని ఒకసారి బార్ రూములో అందరి ముందూ ఎగతాళిగా అడిగాను.

"రోజూ ఇస్తనే ఉన్నయి తమ్మీ," అన్నాడు. "నువ్వు గూడ పొద్దుగాల్నుంచి పీలుస్తనే ఉన్నవ్. పైసలు ఎవ్వలకు కట్టినవ్?"

అప్పటికి గాలి కోసం చట్టమంటూ లేదు. ఊరికి ఇబ్బంది చేసేదాన్ని ఆపించమని మేజిస్ట్రేటును అడగడానికి ఒక పాత సెక్షన్ ఉండేది. దొడ్లోని పేడకుప్పకూ అదే, ఫ్యాక్టరీ పొగకూ అదే. ఆయన దాన్ని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కత్తిపీటలాగా అన్నింటికీ వాడేవాడు. తర్వాత కొన్నాళ్లకు గాలి మీద కొత్త చట్టం వచ్చిందని ఎవరో హైదరాబాదు నుంచి సన్నని పుస్తకం తెచ్చి ఇస్తే, అరచేతిలో పెట్టుకుని బరువు చూసి నిట్టూర్చాడు. ఇన్నొద్దులూ చట్టం లేక ఆరామ్‌గా ఉన్నామనీ, ఇక ఇది చదవాలి, దీన్ని తప్పుగా చదివినవాడితో కొట్లాడాలి, పని రెండింతలైందనీ వాపోయాడు.

కరెంటు వాళ్లకు ఆయన పేరు చెబితే దడ. ఒక ఊళ్లో దీపాలు కందిగింజంత ఎర్రగా వెలిగేవి. కరెంటు సరిగ్గానే ఇస్తున్నామని ఇంజనీరు బోనెక్కి ఒక రిపోర్టు చదివాడు. ఈయన అడ్డు ప్రశ్నలేవీ వేయలేదు. ఆ రిపోర్టును ఆ ఊరి దీపం కింద కూర్చుని ఒకసారి చదివి వినిపించమని మాత్రం కోరాడు. మరుసటి తారీఖుకు ఊరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది కాని ఇంజనీరు రాలేదు. ఇంకో ఊరి దగ్గర పెద్దలైను కోసం ఇప్పచెట్టు కొట్టబోతే, చెట్టు ముందా స్తంభం ముందా అని లైన్ ఇన్‌స్పెక్టరును అడిగి అడిగి విసిగించాడు. ఈ మనిషితో పడేకంటే పక్కకు తిరిగిపోవడమే సులువని వాళ్లు లైనునే వంచారు. ఆ వంపు ఇప్పటికీ అక్కడ ఉంది.

మేమిద్దరం ఉండేది తాండూరులో. మేజిస్ట్రేటు అధికారమున్న ఆర్డీవో దగ్గర కేసులుంటే పొద్దున ప్యాసింజరు ఎక్కి వికారాబాదు పోయి, అక్కడ ఒకరినొకరు తిట్టుకుని, సాయంత్రం అదే బండిలో పక్కపక్కనే కూర్చుని తిరిగొచ్చేవాళ్లం. బండిలో కేసు మాట ఎత్తకూడదని ఆయన నియమం. కిటికీ పక్కన కూర్చుని రుమాలు బయటికి చాపి, ధారూరు దాటాక లోపలికి తీసి, దాని మీద పడిన బొగ్గునుసి నాకు చూపించేవాడు. "రైలు మీద గూడ దావా ఏద్దునే," అనేవాడు, "ఏస్తే ఇంటికెట్ల పోవాలె?"

నేను ఆయన కంటే చాలా చిన్న. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నాకొక ఏడాది పోయింది. ఆ పోయిన ఏడాదిని ఎవరి దగ్గర నుంచో తిరిగి గుంజుకోవాలన్నట్టు ప్రతి కేసూ గెలవాలనే ఆబ ఉండేది. ఎవరి తరఫున గెలుస్తున్నానన్నది నాకు ముఖ్యం కాదు. అది మా వృత్తి లక్షణమని కొన్నాళ్లు అనుకున్నాను. నా లక్షణమేనని ఆలస్యంగా తెలిసింది. అట్లాంటి రోజుల్లోనే బీరమ్మ కేసు వచ్చింది.

బీరమ్మ వాళ్లు కురుమలు. మగవాళ్లు గొర్లను తోలుకుని పోతే చేను పని ఆమెదే. నల్లరేగడిలో కంది వేసేది. ఆ చేనుకు ఆనుకుని ఒక సేటు కంకర మిషను పెట్టాడు. పొద్దస్తమానం రాయి పిండి అవుతుంటే, పిండి ఎగిరి చేను మీద పడేది. ఆకు మీద పడితే కంది తట్టుకుంటుంది. పూత మీద మంచు పడి, ఆ మంచు మీద రాయి పిండి పడితే సున్నం పూసినట్టు గట్టిపడి, కాయ కట్టకుండానే పూత రాలిపోతుంది. అప్పటికి రెండు పంటలు అలాగే పోయాయి. చేను నాకమ్మెయ్ అని సేటు మనుషుల్ని పంపుతూనే ఉన్నాడు. కంకర కుప్పలు పోసుకోవడానికి ఆయనకు జాగా కావాలి. ఈ పంట కూడా పోతే బీరమ్మకు అమ్మడం తప్ప దారి లేదు.

దుమ్ము వకీలు తన పాత సెక్షన్ కింద ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టాడు. సేటు తరఫున నేను. బీరమ్మను మాట్లాడమంటే ఆమె ఆర్డీవో వైపు చూసి రెండు మాటలే చెప్పింది.

"పూత నిలిస్తే చేను నాది సారూ. నిలువకుంటే సేటుది. నాకు గింతే ఎరుక."

దుమ్మేమీ లేదనీ, ఉంటే వచ్చి చూసుకోవచ్చనీ, తారీఖు వేయమనీ నేను అడిగాను. దుమ్ము వకీలు లేచి, తారీఖు వేస్తే సేటు అక్కడ పెండ్లి పందిరి వేస్తాడనీ, చెప్పకుండా రావాలనీ వేడుకున్నాడు. ఆర్డీవో నవ్వి, పంట కోతకు వచ్చేలోపు ఏదో ఒకనాడు వస్తాను, ఏనాడన్నది చెప్పను అన్నారు. నేను అభ్యంతరం చెప్పలేదు. నా బుర్రలో అప్పటికే ఒక ఉపాయం మెరిసింది. అంత మంచి ఉపాయం నాకు మళ్లీ ఎన్నడూ తట్టలేదు.

ఆ సాయంత్రమే సేటు దగ్గరికి పోయి చెప్పాను. ఆర్డీవో వచ్చేదాకా మిషను బంద్. బాటంతా ట్యాంకరుతో నీళ్లు చల్లించాలి. బీరమ్మ చేను మీద ఇప్పటికే పడ్డ దుమ్మును కడిగించాలి.

సేటు నోరు తెరిచాడు. "ఆమె చేను నేను కడిగియ్యాల్నా వకీల్ సాబ్?"

తెల్లగా ఉన్న ఆకే ఆమె సాక్షి అనీ, సాక్షిని పచ్చగా చేస్తే కేసే ఉండదనీ చెప్పాను. పొద్దుమూకినంక మిషను నడుపుకుంటానన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. రాత్రి ఎగిరిన పిండి మంచుకు అతుక్కుని తెల్లారేసరికి కనబడుతుందని వివరించాను. ఆ విషయం నాకు దుమ్ము వకీలు దరఖాస్తు చదివితేనే తెలిసింది. ఎదుటివాడి కాగితం అంత శ్రద్ధగా చదివినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

సేటు నన్ను నమ్మాడు. కంకర మోసే ఆడవాళ్లకు ఆ పని మాన్పించి బిందెలూ గొట్టాలూ ఇచ్చాడు. మిషను ఆగినా కూలీ ఆగలేదు గనుక వాళ్లకేమీ బాధ లేదు. కంది సాళ్లలో తిరుగుతూ, పూత రాలకుండా చిన్నపిల్లల మొహం కడిగినట్టు కొమ్మ కొమ్మా కడిగారు. వాళ్ల నవ్వులు బాట దాకా వినబడేవి. గట్టు మీద కూర్చుని బీరమ్మ, ఆ పక్క సాలు మరిచిపోయారని వాళ్లకు గుర్తు చేసేదట. ఇది విని సేటు మండిపడితే, పల్లెటూరి మనిషి, కేసు పోతున్న సంగతి ఆమెకు అర్థం కాలేదు పాపం అని సర్దిచెప్పాను.

ఆర్డీవో రాలేదు. ఇవాళ వస్తారంటే మంత్రిగారి పర్యటన. రేపంటే ఇంకేదో మీటింగు. వికారాబాదులో ఆఫీసు ముందు చాయ్ డబ్బా దగ్గర సేటు ఒక మనిషిని కాపలా పెట్టాడు. జీపు కదిలితే వచ్చి చెప్పాలి. ఆ మనిషి రైలెక్కి రావాలి, రైలు కంటే జీపు ముందొస్తుంది. ఈ సంగతి కొన్నాళ్లకు గాని మాకెవరికీ తట్టలేదు. తట్టాక ఇక ఏ పూటా మిషను నడిపే ధైర్యం సేటుకు లేకపోయింది.

ఆ రోజుల్లో రైల్లో దుమ్ము వకీలు తన నియమం తానే తప్పేవాడు. దిగులు మొహంతో, "ఎన్నడొస్తడంటవ్ తమ్మీ? మా బీరమ్మ మస్తు పరేషాన్ల ఉన్నది," అని అడిగేవాడు. ఎందుకన్నా తొందర అని నేను వెక్కిరించేవాణ్ని. అవును, తొందరేమున్నది అని తల ఊపి, రుమాలు కిటికీ బయటికి చాపేవాడు.

చివరికి ఆర్డీవో వచ్చారు. బాట తడిగా ఉంది. మిషను మీద పిట్టలు వాలి ఉన్నాయి. చేను పచ్చగా ఉంది, కొమ్మకు గుత్తులుగా కాయలున్నాయి. దుమ్ము జాడ లేదని రాసుకుని వెళ్లి, మరుసటి తారీఖున వికారాబాదులో దరఖాస్తు కొట్టేశారు. సేటు ఆఫీసు వరండాలోనే నా మెడలో దండ వేశాడు. బీరమ్మ ఒక స్తంభం పక్కన నిలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నదనుకుని ఒక క్షణం మనసు చివుక్కుమంది. ఒక క్షణమే.

ఆ సాయంత్రం రైల్లో దండ మెడలోనే ఉంచుకున్నాను. ఆయన నా ఎదురుగా కూర్చుని సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పాడు. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు. దోసెడు నా చేతిలో పోశాడు. గెలిచినవాడికి ఆకలెక్కువ కదా, వలిచి నోట్లో వేసుకుంటూ, బాగున్నాయే, ఎక్కడివన్నా అని అడిగాను.

"నువ్వు కడిగిపిచ్చిన చేనువే."

బండి గొడంగూడ దాటేదాకా నేను నమలలేదు, మింగలేదు. ఆయన మాత్రం తీరికగా వలుచుకుంటూ తింటున్నాడు. మీరు గెలవడానికి రాలేదా అని అడిగాను చివరికి.

"గెలిస్తే ఏమైతదో చెప్పు," అన్నాడు. "సేటు నిన్ను ఎంటవెట్టుకొని హైకోర్టుకు పోతడు. స్టే తెస్తడు. స్టే చేతిలవట్టుకొని మిషను నడుపుతడు. ఫైసలా అయ్యేవరకు పూతెక్కడుంటది, చేనెక్కడుంటది? ఓడిపోతే ఆ బాధ లేదు తమ్మీ. గెల్సినోడు అప్పీలుకు పోడు."

మరి వచ్చే ఏడు అన్నాను.

"వచ్చే ఏడు పూత రాదా? దసరా కాంగనే మళ్ల ఏస్త. నువ్వు మళ్ల గెలువు. నీకు గెలుసుడు మంచిగొస్తది."

తర్వాత జరిగింది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. రైలు దిగిన వెంటనే సేటుకు చెప్పాలి. నా కక్షిదారు ఆయన, నా ఫీజు ఆయనది. చెప్పలేదు. బీరమ్మ మీద జాలితో ఆగానని రాసుకోవాలని ఉంది కాని, అది అబద్ధం. చెబితే నన్ను ఎంత తేలిగ్గా బోల్తా కొట్టించారో కూడా చెప్పాలి. దండ వేసిన మనిషికి ఆ సంగతి ఎలా చెబుతాను? నా పరువు కోసం నోరు మూసుకున్నాను. ఆ మూసిన నోరే బీరమ్మ చేనును కాపాడింది. నా జీవితంలో చేసిన మంచిపనుల్లో చాలావాటికి మూలం ఇలాంటిదే.

దసరా వెళ్లగానే ఆయన మళ్లీ వేశాడు. సేటు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, పోయినసారి లెక్కనే చేద్దామా అన్నాడు. చేద్దామన్నాను. ఈసారి తెలిసే అన్నాను. వకీలు తన కక్షిదారుకు చేయకూడనిది అదేనని నాకు తెలుసు. ఇన్నాళ్లకూ దానికి సమర్థన దొరకలేదు, వెతకడం కూడా మానేశాను. ఆ తర్వాత ఏటా అదే వరస. పూత వచ్చేది, దరఖాస్తు పడేది, ట్యాంకరు తిరిగేది, నేను గెలిచేవాణ్ని. ఆర్డీవోలు మారారు. కొత్తగా వచ్చినాయన, ఇంత పచ్చని చేను మీద ఏటా ఫిర్యాదు చేసే ఈ ఆమె పిచ్చిదా అని అడిగితే, మంచి మనిషేనండీ, వకీలే మంచివాడు దొరకలేదు అని నేను చెప్పాను. దుమ్ము వకీలు తలొంచుకుని ఆ నింద స్వీకరించాడు. ఆ రోజు రైల్లో ఆయన ఎంత నవ్వాడంటే, ఎదుటివాళ్లు మంచినీళ్లు ఇవ్వాల్సి వచ్చింది.

ఎనభైల్లో ఒక వానాకాలం చివర, ఇంకా పూతకు రాకముందు, ఆయన పోయాడు. రెండు రోజులు జ్వరం, అంతే. బార్ రూములో సంతాపసభ పెట్టాం. వకీళ్లు కోర్టు మానేసి కూర్చున్నారు. కక్షిదారులు తలుపు దగ్గర నిలబడ్డారు. సేటు కూడా పెద్ద దండ పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎన్నేళ్లు పోరాడినా ఆ మిషను సేటు మీద ఒక్కసారీ గెలవలేదు కదా అన్నది అందరి నాలుకల మీదా ఉంది. ఓటమికి వెరవని యోధుడని ఒకాయన అన్నాడు. ఫలితం ఆశించని కర్మయోగి అని ఇంకొకాయన.

నా వంతు వచ్చింది. నిజం చెప్పాలనే లేచాను. ఆయన ఓడిపోలేదు, ఏటా గెలుస్తూనే ఉన్నాడు, ఓడిపోయింది నేను అని. మొదటి మాట నోటి దాకా వచ్చింది. ముందు వరసలో సేటు కళ్లు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. తలుపు దగ్గర బీరమ్మ కనబడింది. ఆ నిజం అక్కడ చెబితే ఆయనకు కీర్తి వస్తుంది, ఆమెకు చేను పోతుంది. "ఆ కంకర మిషను కేసు ప్రతి ఏడూ ఆయన మీద నేనే గెలిచాను," అన్నాను. కూర్చున్నాను. గది చల్లబడింది. శవం లేచిన ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాడని మా వాళ్లు చాలాకాలం నన్ను ఆడిపోసుకున్నారు. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటే కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

బయట వరండాలో బీరమ్మ నా కోసం ఆగి ఉంది. ఈసారి ఎవరు దరఖాస్తు వేస్తారన్నదే నా మనసులోనూ ఉంది. సేటు పని వదిలేసి నీ తరఫున నేనే నిలబడతానన్నాను. నిజంగానే అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నీతోని కాదు సారూ," అంది. "నీకు గెలుసుడు అలవాటైంది. ఒక్కనాడు మనసాగక గెలుస్తవ్, నా చేను పోతది."

మరి ఎలాగ అని అడిగాను.

"ఆయిన చెప్పే పోయిండు. గీ దరఖాస్తుకు వకీలు అక్కర్లేదట. ఏలిముద్ర చాలట. నేనే పోయి ఇస్త, నేనే ఓడిపోయొస్త. నువ్వు సేటుకు ఎప్పటి లెక్కనే చెప్పు. మీదికెల్లి ఏం తెలివి చెయ్యకు."

అప్పుడే సేటు చెప్పులు వేసుకుంటూ బయటికి వచ్చాడు. ఆమెను చూసి, నన్ను పక్కకు పిలిచి, వకీలు పోయిండు గదా, ఈ ఏడు మిషను బంద్ పెట్టనక్కర్లేదు గదా అని మెల్లగా అడిగాడు. బీరమ్మ వరండా అవతల ఆకాశం వైపు చూస్తూ నిలబడింది.

ఆమె ఊరుకునే మనిషిలా లేదనీ, సొంతంగానే దరఖాస్తు వేసేటట్టుందనీ చెప్పాను. వకీలు లేని ఆడమనిషంటే ఆర్డీవోకు ఇంకా జాలి కలుగుతుందనీ, ఈసారి ఎప్పుడంటే అప్పుడు వచ్చేస్తాడనీ, ట్యాంకరు ఒక్కటి చాలదు, రెండు చూసుకొమ్మనీ చెప్పాను.

ఆ ఏడు కూడా కేసు నేనే గెలిచాను.